కంట్లో పడ్డ పొగ, కంటికి కనబడని గ్యాసు



మీ ఇంట్లో ఫ్రిజ్‌ ఉంటే, ఓసారి దాన్ని గోడ దగ్గర్నుంచి కాస్త ముందుకు జరిపి వెనకవైపు చూడండి. కింద నల్లటి కుండలాంటి కంప్రెసరు ఉంటుంది కదా, దాని దగ్గరో, తలుపు లోపలి పక్కనో ఒక చిన్న చీటీ అంటించి ఉంటుంది. దుమ్ము తుడిచి చూస్తే ఆర్‌-600ఎ అనో, ఆర్‌-134ఎ అనో రాసి ఉంటుంది. పాతికేళ్ళ కిందటి ఫ్రిజ్‌ ఇంకా ఎవరింట్లోనైనా పనిచేస్తూంటే, దాని మీద ఆర్‌-12 అని ఉన్నా ఉండవచ్చు. ఆ అంకె మారటం వెనక చాలా పెద్ద కథ ఉంది. ప్రపంచంలో ఉన్న దేశాలన్నీ సంతకం పెట్టిన కథ. మనకు చెప్పకుండానే, మనల్ని అడగకుండానే మన వంటింట్లో గ్యాసు మారిపోయింది. మంచికే మారింది లెండి.

అదే వంటింట్లో ఇంకో సంగతి ఉంది. పొయ్యి పొగ. దాన్ని గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన అమ్మలు, అమ్మమ్మలు పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, గొట్టంతో పొయ్యి ఊదుతూ ఆ పొగలోనే ఆయుష్షు గడిపారు. చిత్రమేమిటంటే, కంటికి కనబడని గ్యాసును, ఒప్పందం కుదిరిన ఇరవై మూడేళ్ళలో ప్రపంచం అదుపులో పెట్టింది. కళ్ళ నీళ్ళు పెట్టించిన పొగను మాత్రం ఇప్పటికీ పూర్తిగా పెట్టలేకపోయింది. ఇలా ఎందుకు జరిగింది? ఈ రెండు కథలూ వరసగా చెబుతాను. రెండూ మన ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల గుమ్మంలో ఉన్నవే కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

మన ప్రాంతంలో చాలామంది ఐసుగడ్డను మొదట చూసింది సోడాబండి మీద, ఆ తర్వాత చేపల బుట్టలో. ఫ్రిజ్‌ చాలా వెనక వచ్చింది. కొల్లేరు సంగతి మీకు తెలుసు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న పెద్ద పల్లం. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు అందులోకి వచ్చి చేరతాయి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోతాయి. 1970ల తర్వాత అందులో చేపల చెరువులు పెరిగిపోయాయి. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించటం, 2002లో రామ్‌సార్‌ జాబితాలోకి ఎక్కటం, 2006లో చెరువుగట్లు కొట్టివేయటం, ఆ గొడవలన్నీ ఇంకో రోజు చెప్పుకోవలసినవి. ఇవాళ మనకు కావలసింది చేపతో పాటు వెళ్ళే ఐసు.

శీలావతి, బొచ్చె మనవాళ్ళు పెంచుతారు. ఎక్కువగా తినేది మాత్రం బెంగాలీలు. ఆకివీడు, కైకలూరు, భీమవరం వైపు నుంచి బయల్దేరిన చేప కలకత్తా చేరాలంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం. మన ఎండల్లో చేప ఒక పూట కూడా నిలవదు. అంచేత చేపలున్న చోటల్లా ఐసు ఫ్యాక్టరీలు లేచాయి. మీరెప్పుడైనా లోపలికి వెళ్ళి చూశారా? ఒక పెద్ద తొట్టిలో ఉప్పునీళ్ళు ఉంటాయి. ఉప్పు కలిసిన నీళ్ళు సున్న డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, అదీ కిటుకు. ఆ తొట్టిలో మంచినీళ్ళు పోసిన పొడుగాటి రేకు డబ్బాలు వరసగా దించుతారు. పక్కన గొట్టాల్లో తిరిగే అమోనియా, ద్రవంగా ఉన్నది ఆవిరిగా మారుతూ, ఉప్పునీళ్ళలో వేడిని లాగేసుకుంటుంది. ఉప్పునీళ్ళు డబ్బాల్లో వేడిని లాగేస్తాయి. కొన్ని గంటలకు డబ్బాలో నీళ్ళు దిమ్మగా బిగుస్తాయి. తెల్లవారేసరికి దిమ్మలు పైకి తీసి, పిండిచేసి, చేపల మీద పొరలు పొరలుగా పరుస్తారు.

ఈ అమోనియా ఎలా ఉంటుందో తెలియాలంటే, పొద్దున్నే పశువుల కొట్టం తలుపు తీసినప్పుడు ముక్కుకు తగిలే ఘాటును గుర్తు తెచ్చుకోండి. దాన్ని వెయ్యి రెట్లు చేసుకోండి. ఫ్యాక్టరీలో గొట్టం పగిలితే కళ్ళు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. కానీ అందులో ఒక మంచి ఉంది. వాసన ముందే వచ్చి హెచ్చరిస్తుంది. పైగా బయటికి పోయిన అమోనియా వానతో కలిసి కొద్దిరోజుల్లో నేలకు దిగిపోతుంది, పైనున్న ఓజోన్‌ దాకా వెళ్ళి పాడుచేయదు. కొల్లేరు చేపను కలకత్తాకు చేర్చే ఐసు వెనక ఇంత పెద్ద వ్యాపారం జరుగుతున్నా, ఓజోన్‌ పొర కథలో దానికి పాత్ర లేదంటే అందుకే.

ఇళ్ళలో ఫ్రిజ్‌లు కొత్తగా వచ్చిన రోజుల్లో, అంటే 1920ల్లో అమెరికాలో, వాటిలో కూడా ఇలాంటి విషవాయువులే వాడేవారు. అమోనియా, సల్ఫర్‌ డయాక్సైడ్‌, మిథైల్‌ క్లోరైడ్‌. అర్ధరాత్రి గొట్టం కారితే నిద్రలోనే మనుషులు పోయారు. అటువంటి వార్త ఒకటి చదివి సాక్షాత్తూ ఐన్‌స్టీన్‌ కూడా తన మిత్రుడు సిలార్డ్‌తో కలిసి భద్రమైన ఫ్రిజ్‌ చేయాలని కూర్చున్నాడు. పేటెంటు కూడా తీసుకున్నాడు గాని అది ఇళ్ళలోకి రాలేదు. చివరికి 1928లో థామస్‌ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు, తన జట్టుతో కలిసి, క్లోరిన్‌, ఫ్లోరిన్‌, కార్బన్‌ కలిసిన ఒక వాయువును తయారుచేశాడు. దానికి వాసన లేదు, మంట లేదు, విషం లేదు. 1930లో రసాయన శాస్త్రజ్ఞుల సభలో ఆయన ఆ వాయువును గుండెనిండా పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీదకు ఊది, దాన్ని ఆర్పి చూపించాడట. మనిషికేమీ కాలేదు, మంటా రాలేదు. అదే సి.ఎఫ్‌.సి. కుటుంబం. మన ఫ్రిజ్‌ మీది ఆర్‌-12 అందులో పిల్లే.

అది ఇంటింటికీ పాకిపోయింది. మన ఊళ్ళలో 1970లు, 80ల నాటికి వీధికొకటో రెండో ఫ్రిజ్‌లు. ఎండాకాలం మధ్యాహ్నం పక్కింటి పిల్ల గిన్నె పట్టుకుని వచ్చి, "పిన్నిగారూ, నాలుగు ఐసు ముక్కలు ఇవ్వమంది మా అమ్మ" అనటం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫ్రిజ్‌లోనే కాదు, దాని గోడల మధ్య నింపే నురగలో, జుట్టుకు కొట్టుకునే స్ప్రేలో, ఉబ్బసం మందు పీల్చే గొట్టంలో, పరుపుల స్పాంజిలో అన్నిట్లోనూ సి.ఎఫ్‌.సి.లే. ఇంత మంచి పదార్థం మరొకటి లేదనుకున్నారు.

దాని మంచితనమే చెరుపు చేసింది. దేనితోనూ కలవదు కదా, అంచేత వానకు కరగదు, ఎండకు విరగదు. మెల్లగా పైకి, ఇంకా పైకి పోతుంది. ఆర్‌-12 వాయువు గాలిలో సుమారు నూరేళ్ళు ఉంటుంది. భూమికి పదిహేను నుంచి ముప్ఫయ్యయిదు కిలోమీటర్ల ఎత్తున ఓజోన్‌ పొర ఉంది. ఓజోన్‌ అంటే ప్రాణవాయువే, రెండు పరమాణువులకు బదులు మూడు కలిసి ఉంటాయి. సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాల్లో ప్రమాదకరమైనవాటిని అది అడ్డుకుంటుంది. అవి అడ్డులేకుండా వస్తే చర్మానికి క్యాన్సరు, కంటికి శుక్లాలు, పైర్లకు దెబ్బ. అంత పెద్ద పొర ఎంత మందం అనుకుంటున్నారు? ఉన్న ఓజోన్‌నంతా నేలమీదికి తెచ్చి ఇక్కడి ఒత్తిడిలో పరిస్తే రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. మూడు మిల్లీమీటర్లు. అంతే సుమండీ.

(ఓజోన్‌ పైన ఉంటేనే మనకు మేలు. బళ్ళ పొగకు ఎండ తగిలి నేలమీద పుట్టే ఓజోన్‌ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. రెండిటికీ పేరొక్కటే అయినా వేరువేరుగా గుర్తుపెట్టుకోండి.)

1974లో కాలిఫోర్నియాలో మోలినా, రోలండ్‌ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి, ఈ సి.ఎఫ్‌.సి.లు పైకి వెళ్ళి అక్కడి తీక్షణమైన కిరణాలకు విరిగి క్లోరిన్‌ను వదులుతాయనీ, ఒక్కొక్క క్లోరిన్‌ పరమాణువు లక్ష దాకా ఓజోన్‌ అణువులను మింగేస్తుందనీ అన్నారు. కంపెనీలు నవ్వాయి. 1985లో బ్రిటిషువాళ్ళు ముగ్గురు, ఫార్మన్‌, గార్డినర్‌, షాంక్లిన్‌, దక్షిణ ధ్రువం మీద ప్రతి వసంతంలోనూ ఓజోన్‌ పలచబడిపోతున్నదని కొలిచి చూపించేసరికి నవ్వులు ఆగిపోయాయి. మరుసటి ఏడు, 1986లో, అసలు కారణం పట్టుకోవటానికి ఆ మంచు ఖండానికి వెళ్ళిన అమెరికా బృందానికి నాయకురాలు ముప్ఫయ్యేళ్ళ అమ్మాయి, సూసన్‌ సాలమన్‌. గడ్డకట్టే చలిలో, రాత్రిపూట డాబా ఎక్కి చంద్రుడి వెలుతురును పరికరంలోకి మళ్ళించి కొలిచింది. ధ్రువం మీద ఏర్పడే మంచుమేఘాల మీద క్లోరిన్‌ రెచ్చిపోతున్నదని తేలింది.

మనవాళ్ళేం చేశారు అని మీరు అడగాలి. అడిగారనుకోండి, చెబుతాను. మనదేశంలో ఓజోన్‌ను కొలిచే పనికి పునాది వేసింది కూడా ఒక స్త్రీయే. ఆమె పేరు అన్నా మణి. 1918లో కేరళలో పుట్టింది, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివింది, సి.వి. రామన్‌ గారి ప్రయోగశాలలో పనిచేసింది. పూనాలో వాతావరణ శాఖ పరికరాల విభాగంలో చేరి, 1960ల్లో, బెలూనుకు కట్టి పైకి పంపితే ఓజోన్‌ను కొలిచే పరికరాన్ని మనదేశంలోనే తయారుచేయించింది. దానికోసం విదేశాలవైపు చూడనక్కరలేకుండా చేసింది. 2001లో పోయింది. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాలని నా కోరిక.

ఇక తెలుగునాట సంగతి. హైదరాబాదులో టాటా పరిశోధన సంస్థవారి బెలూన్ల కేంద్రం ఉంది. అక్కడినుంచి ఇంటికన్నా పెద్దవైన పలచటి ప్లాస్టిక్‌ బెలూన్లను ఎగరేస్తారు. వాటికి కట్టిన పరికరాలు పని అయ్యాక పారాచూట్లతో పల్లెల్లోనో పొలాల్లోనో దిగుతాయి. "ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి" అని పేపర్లో ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. 1987 మార్చిలో అలాంటి బెలూను ఒకటి, అతి చల్లటి సీసాలు మోసుకుంటూ పైకి వెళ్ళి, ఓజోన్‌ పొర ఉన్న ఎత్తులో గాలిని పట్టి తెచ్చింది. అహ్మదాబాదు శాస్త్రజ్ఞులు, జర్మనీవారు కలిసి చేసిన పని అది. ఆ సీసాల్లో సి.ఎఫ్‌.సి.లు ఉన్నాయి. అప్పటికి మన ఊళ్ళలో ఫ్రిజ్‌ ఎన్ని ఇళ్ళలో ఉంది చెప్పండి? అయినా మన నెత్తిమీది ఆకాశంలో ఆ గ్యాసు ఉంది. ఎక్కడివాళ్ళు వదిలినా గాలికి సరిహద్దు లేదు కదా.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. ఇవాళ సెప్టెంబరు 16ను ఓజోన్‌ దినమంటున్నది అందుకే. మనదేశం వెంటనే సంతకం పెట్టలేదు. ఇక్కడ నాకు మనవాళ్ళ పట్టుదల నచ్చుతుంది. ధనిక దేశాలు యాభై ఏళ్ళు వాడి పాడుచేసి, ఇప్పుడు మనల్ని మానమంటే, కొత్త గ్యాసుకూ కొత్త యంత్రాలకూ డబ్బెవరిస్తారు? 1990లో లండన్‌లో జరిగిన సమావేశంలో అప్పటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ ఈ వాదనను గట్టిగా వినిపించారు. చైనా కూడా ఇదే మాట మీద ఉంది. చివరికి వర్ధమాన దేశాలకు సాయపడటానికి ఒక నిధి పెట్టారు. మొదటి మూడేళ్ళకు 16 కోట్ల డాలర్లు, ఇండియా, చైనా చేరితే 24 కోట్లకు పెంచుతామన్నారు. మనకు పదేళ్ళు అదనంగా గడువు కూడా వచ్చింది. 1992లో మనం చేరాం.

ఆ తర్వాత పని చప్పుడు లేకుండా జరిగిపోయింది. 2000లో ఓజోన్‌ను హరించే పదార్థాల మీద నిబంధనలు వచ్చాయి. 2003 నుంచి కొత్త ఫ్రిజ్‌ల తయారీలో సి.ఎఫ్‌.సి. వాడకూడదన్నారు. 2008 ఆగస్టులో, గడువుకన్నా పదిహేడు నెలలు ముందే, మనదేశంలో వాటి తయారీని ఆపేశారు. ఉబ్బసం మందుల కోసం కొద్దిగా మినహాయింపు ఇచ్చారు, తర్వాత అదీ పోయింది. 2010 జనవరి 1 నాటికి ప్రపంచమంతటా కథ ముగిసింది. ఇప్పుడు మన కొత్త ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్‌-600ఎ ఏమిటో తెలుసా? ఐసోబ్యూటేన్‌. పొయ్యి మీద మండే వంటగ్యాసులో ఉండే బ్యూటేన్‌కు సొంత చెల్లెలు. ఫ్రిజ్‌లో ఉండేది కొద్ది గ్రాములే గనుక భయపడనక్కరలేదు గాని, మేకులు, కత్తులతో ఐసు గీకటం మాత్రం చేయకండి.

ఇంత జరిగినా మనలో ఒక్క ఆవిడైనా ఇంట్లో వంట పద్ధతి మార్చుకోవలసి వచ్చిందా? లేదు. ఫ్యాక్టరీలో గ్యాసు మారింది, మనకు ఫ్రిజ్‌ ఎప్పటిలాగే చల్లగా పనిచేసింది.

ఇప్పుడు పొగ సంగతికి వద్దాం.

మన డెల్టాలో అడవి లేదు. మన పొయ్యిలోకి వచ్చేవి సరుగుడు కట్టెలు, తాటి మట్టలు, కొబ్బరి మట్టలు, కందికంప, పిడకలు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల బియ్యం మిల్లులు ఉన్నాయి కాబట్టి ఊక పొయ్యి ఒకటి. పాత డాల్డా డబ్బా మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ ఊక గట్టిగా కూరి, సీసాను మెల్లగా పైకి లాగేసి, అడుగున చిన్న పుల్ల వెలిగించేవాళ్ళం. సరిగ్గా కూరితే రెండు పూటల వంట అయిపోయేది, లేకపోతే ఇల్లంతా పొగ. టౌన్లలో రంపపుపొట్టు పొయ్యిలు, బొగ్గుల కుంపట్లు, తర్వాత కిరసనాయిలు స్టవ్వులు. వంటింటి కప్పు కింద వాసాలన్నీ నల్లగా మెరుస్తూ ఉండేవి. ఆ మసే ఊపిరితిత్తుల్లోనూ పేరుకుంటుందని ఎవరూ అనుకోలేదు. పచ్చికట్టె పొగలో కార్బన్‌ మోనాక్సైడ్‌ ఉంటుంది, వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నటి నలుసులు ఉంటాయి. అవి లోపలికి పోయి దగ్గు, ఆయాసం, గుండెజబ్బు తెస్తాయి. పొగ వంటిళ్ళలో ఏళ్ళ తరబడి వండినవాళ్ళకు కంటిశుక్లాలు ఎక్కువగా వస్తాయని కూడా తేలింది. పెద్దావిడ దగ్గుతూంటే "ముసలితనం" అనేవాళ్ళం.

ఈ పొగను పట్టించుకున్న తెలుగునాటి పేరు ఒకటి చెప్పాలి. 1950ల్లో హైదరాబాద్‌ ఇంజనీరింగ్‌ రీసెర్చ్‌ లేబొరేటరీస్‌లో పనిచేసిన డాక్టర్‌ ఎస్‌.పి. రాజు. ఆనకట్టలూ కట్టడాలూ చూసుకోవలసిన ఇంజనీరు మట్టిపొయ్యి ముందు కూర్చున్నాడు. ఒక్క మంట మీద వరసగా గిన్నెలు పెట్టుకునేలా, చివర పొగగొట్టంతో పొగ బయటికి పోయేలా, మట్టితో చేత్తో కట్టుకునే పొయ్యిని తయారుచేశాడు. హైదరాబాదు చుల్లా అని దానికి పేరు. 1953లో దాన్ని వివరిస్తూ చిన్న పుస్తకం కూడా వేశాడు. సి.ఎఫ్‌.సి.ల మీద మొదటి హెచ్చరిక రావటానికి ఇరవై ఏళ్ళ ముందు మాట ఇది. మనదేశ ప్రభుత్వం పొగ తగ్గించే పొయ్యిల కోసం జాతీయ కార్యక్రమం పెట్టింది మాత్రం 1983లో. అంటే ముప్ఫయ్యేళ్ళు పట్టింది. ఆ కార్యక్రమంలో లక్షలకొద్దీ పొయ్యిలు కట్టారు. ఏడాదీ రెండేళ్ళకల్లా చాలావాటికి మట్టి పగుళ్ళిచ్చింది, పొగగొట్టం మసిపట్టి మూసుకుపోయింది. తాటాకు ఇంట్లో కప్పుకు కన్నం పెడితే వాన కారుతుందని గొట్టం పీకేసినవాళ్ళూ ఉన్నారు. కట్టి వెళ్ళినవాడు మళ్ళీ తిరిగి చూడలేదు. 2002లో కార్యక్రమాన్ని ఎత్తేశారు.

ఫ్యాక్టరీ పొగకు మాత్రం 1981లో వాయు కాలుష్య నివారణ చట్టం వచ్చింది. 1984లో భోపాల్‌ దుర్ఘటన తర్వాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. మన మిల్లులు కూడా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవలసి వచ్చింది. ఉప్పుడు బియ్యానికి ధాన్యం ఉడకబెట్టే బాయిలర్లు ఊకతోనే నడుస్తాయి. మిల్లు దగ్గర కాపురమున్నవాళ్ళకు డాబా మీద ఎండబెట్టిన వడియాల మీద వాలే నల్లటి నుసి ఏమిటో చెప్పక్కర్లేదు. దాన్ని పట్టటానికి మిల్లుల్లో సైక్లోన్‌ అనే పరికరం పెడతారు. సైక్లోన్‌ అంటే మన దివిసీమ తుఫాను కాదండోయ్‌! అది పెద్ద గరాటులాంటి రేకు గోపురం. దుమ్ముగాలిని అందులో గిరగిరా తిప్పితే బరువైన నలుసులు గోడకు కొట్టుకుని కిందికి జారిపోతాయి. సన్ననివి తప్పించుకుంటాయి. ఆ పరికరాన్ని శుభ్రంగా ఉంచే మిల్లుకూ, తనిఖీ రోజునే నడిపే మిల్లుకూ తేడా మన వడియాలే చెబుతాయి.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. స్వయం సహాయక సంఘాల్లోని ఆడవాళ్ళకు గ్యాసు కనెక్షను డిపాజిట్టు ప్రభుత్వం కట్టింది. 2016లో దేశమంతటికీ ఉజ్జ్వల పథకం. నేను వీటిని తక్కువ చేయను. పొగలేని వంటింట్లో మొదటి రోజు వండిన ఆడదాని ముఖం చూసినవాళ్ళెవరూ తక్కువ చేయలేరు. కానీ మొదటి సిలిండరు ఒక ఎత్తు, నెల తిరిగేసరికి రెండోది కొనటం ఇంకో ఎత్తు. కూలి డబ్బులు వారానికోసారి వచ్చే ఇంట్లో, సిలిండరుకు ఒక్కసారే అంత డబ్బు తీయటం కష్టం. కట్టెలైతే ఏ పూటకాపూట ఏరుకోవచ్చు. అందుకని గ్యాసు మీద టీ, కాఫీలు, కట్టెల మీద అన్నం. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో సుమారు 59 శాతం ఇళ్ళే వంటకు శుభ్రమైన ఇంధనం వాడుతున్నట్టు తేలింది. ఇళ్ళలోని పొగవల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

మన వంటిళ్ళలో గాలి ఎలా ఉంటుందో కొలిచిన మనిషి గురించీ చెప్పాలి. మద్రాసులోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్‌, ఆమె బృందం నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో నాలుగువందలకు పైగా ఇళ్ళలో పరికరాలు పెట్టి, ఊపిరితో లోపలికి పోయే నలుసులను ఇరవై నాలుగు గంటలపాటు కొలిచారు. గ్యాసు మీద వండే ఇళ్ళలో ఘనపు మీటరు గాలికి సగటున 73 మైక్రోగ్రాములు. కట్టెలు, పిడకలు వాడే ఇళ్ళలో 732 దాకా. పదింతలు! అందరికన్నా ఎక్కువ పీల్చింది వండే మనిషి. ఈ లెక్కలు అచ్చయింది 2004లో. అంటే చూడండి, హైదరాబాదు మీద ఆకాశంలో అంత ఎత్తున ఉన్న గాలిని 1987లోనే సీసాల్లో పట్టుకొచ్చి కొలిచారు. తెలుగు జిల్లాల్లో పొయ్యి ముందు గాలికి ఇంత పెద్ద ఎత్తున లెక్క తేలటానికి ఇంకో పదిహేడేళ్ళు పట్టింది.

ఇందులో కుట్ర ఏమీ లేదు. సి.ఎఫ్‌.సి. తయారుచేసే ఫ్యాక్టరీలు మనదేశంలో వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. నలుగురైదుగురిని పిలిచి, పరిహారమిచ్చి, ఆపమంటే ఆగింది. వాళ్ళ చేతికి బదులు గ్యాసు కూడా వచ్చింది. పొయ్యిలు కోట్లు, ఎవరి చేతిలో వారిది. అది నిజమే. కానీ ఇంకొక కారణం కూడా ఉందని నా అభిప్రాయం. ఓజోన్‌ పలచబడింది ముఖ్యంగా ధ్రువాల వైపు. మన ఉష్ణమండలం మీద, మన కొల్లేరు మీద, పెద్దగా తగ్గలేదు. ముప్పు ముందుగా పొంచి ఉన్నది తెల్లచర్మం వాళ్ళ దేశాలకు, డబ్బున్న దేశాలకు. వాళ్ళకు భయం వేసింది కనుక నిధి పుట్టింది. వంటింటి పొగ అలా కాదు. పొయ్యి వెలిగించేదీ ఆవిడే, దగ్గేదీ ఆవిడే. ఆవిడ ఎవరిమీద ఫిర్యాదు చేస్తుంది? ఆవిడ తరఫున లండన్‌ వెళ్ళి వాదించేవాళ్ళెవరు?

ఓజోన్‌ పని పూర్తయిందని కూడా అనుకోకండి. ఇప్పటి పద్ధతే సాగితే 2040 నాటికి ప్రపంచంలో చాలా భాగం మీద, 2066 నాటికి దక్షిణ ధ్రువం మీద ఆ పొర 1980 నాటి స్థితికి వస్తుందని 2023లో వెల్లడైన శాస్త్రజ్ఞుల అంచనా. ఈలోగా పాత ఏ.సి.ల్లో ఆర్‌-22 ఉంది, అది కూడా ఓజోన్‌ను కొంత తింటుంది. 2030 నాటికి దాన్ని మానాలి. కొత్త ఏ.సి.ల్లోని ఆర్‌-32 ఓజోన్‌ జోలికి పోదు గాని భూమిని వేడెక్కిస్తుంది, అంచేత దాని కుటుంబాన్ని తగ్గించటానికి 2016లో కిగాలీలో ఇంకో సవరణ చేశారు. ఎండాకాలం ముందు మెకానిక్‌ వచ్చి, పాత గ్యాసంతా బుస్సున బయటికి వదిలేసి కొత్తది ఎక్కిస్తుంటాడు. "ఏం కాదమ్మా, వాసన కూడా రాదు" అంటాడు. మిడ్జ్‌లీ కూడా ఆ మాటే అన్నాడు. గ్యాసును సిలిండరులోకి లాగి పట్టుకునే యంత్రం ఉందా అని అడగండి. కారుతున్న చోటు మూయకుండా గ్యాసు ఎక్కిస్తే ఆరునెలలకు మళ్ళీ పిలవాలి, మన డబ్బూ పోతుంది.

ఇక మన ఊరి గాలి. 2019లో కేంద్రం పెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద, గాలి ప్రమాణాలకు తగ్గట్టుగా లేని పట్టణాల జాబితాలో ఆంధ్రప్రదేశ్‌ నుంచి ఎక్కిన పదమూడిట్లో మన ఏలూరు ఒకటి. అందుకోసం రోడ్లు ఊడ్చే యంత్రాలు, చెత్త తగలబెట్టకుండా చూడటం, బళ్ళ పొగ తనిఖీ, మొక్కలు నాటటం అని ప్రణాళికలు వేశారు. కొలిచే పరికరాలు వీధి గాలిని కొలుస్తాయి. మన ఇళ్ళలో వంట గ్యాసు మీదకు మారింది, సంతోషం. కానీ పెరట్లో స్నానాల నీళ్ళ పొయ్యి చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. అందులో తాటి మట్టలతో పాటు అట్టపెట్టెలు, నూనె ప్యాకెట్లు, థర్మోకోల్‌ ముక్కలు కూడా వేస్తున్నారు. తెల్లవారకముందే వచ్చి దాన్ని వెలిగించేది మన పనిమనిషి. ఇక్కడ మన పొయ్యి వెలిగించి, ఇంటికి వెళ్ళి తన పొయ్యి వెలిగించుకుంటుంది.